మరీచి తూర్పున ఉండాలన్నారు

మా నాయనకు చుక్కలు కనపడవన్న సంగతి ఆళ్లగడ్డలో నాకొక్కదానికే పూర్తిగా తెలుసు. అమ్మకు సగం తెలుసు. ఆయన విగ్రహాలు చెక్కే శిల్పి. నాకు పదేళ్లప్పుడు ఉలి కిందినుంచి రాతిపెచ్చు ఎగిరి ఆయన కుడికంట్లో పడింది. ఆకుపసరు పోశారు, తల్లిపాలు పోశారు, ఎవరేం చెబితే అది పోశారు. చివరకు నంద్యాల తీసుకుపోయేసరికి ఆ కన్ను తెల్లబడిపోయింది. ఎడమకన్ను ఏళ్ల తరబడి రాతిదుమ్ముకు మసకేసింది. మూరెడు దూరం వరకు కనపడేది, ఆపైన అంతా పొగ. అయినా బొటనవేలితో తడిమి దేవుడి ముక్కు సూటిగా ఉందో లేదో చెప్పేవాడు. అట్లని అన్నీ తడమలేడు కదా. ఆయన వేలు అందని చోట నేనుండేదాన్ని.

మా పద్ధతి ఒకటుండేది. పనిచోట ఎవరైనా ఉంటే నేను నీళ్లచెంబు తీసుకుని వెళ్లేదాన్ని. చెంబు అందిస్తూ వంగి, ఆయనకు మాత్రమే వినపడేట్టు "ఎడమ భుజం గోరంత పైకుండాది" అని చెప్పి వచ్చేదాన్ని. ఆయన నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, కాసేపు ఊరకే కూర్చుని, తనకే తోచినట్టు సుత్తి అందుకునేవాడు. చూసేవాళ్లు "ఏం చూపప్పా ఆచారిది" అని ముక్కున వేలేసుకునేవాళ్లు. నేను ఖాళీచెంబు పట్టుకుని వంటింట్లోకి పోయేదాన్ని. దినానికి పదిసార్లు దాహమేసే మనిషి ఆళ్లగడ్డ మొత్తంలో మా నాయన ఒక్కడే.

నాకు పదిహేడు నిండాయి, పద్దెనిమిది వచ్చాయి. ఎవరైనా సంబంధం మాట ఎత్తితే "ఇంకా చిన్నపిల్ల, ఉండనీలెండి కొన్నాళ్లు" అని పంపేసేవాడు. కూతురంటే అంత ప్రేమ అని అమ్మ మురిసిపోయేది. నేనూ అదే అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. శిరివెళ్ల దాటినాక ఒక పల్లెలో రెడ్డి ఒకాయన గుడి ముందర పెండ్లిళ్ల కోసం రాతి మండపం కట్టిస్తూ మా ఇంటికి వచ్చాడు. ఆయనకు కావలసింది విగ్రహం కాదు. మండపం కప్పుకు సప్తర్షి మండలం కావాలన్నాడు. ఏడుగురు ఋషులు, వసిష్ఠుడి పక్కన అరుంధతి, ఆకాశంలో ఎట్లుంటే కప్పులో అట్లే ఉండాలన్నాడు.

ఎందుకంటే పెండ్లిళ్లలో అరుంధతిని చూపించే తంతు అందరికీ తెలిసిందే. ముహూర్తం మిట్టమధ్యాహ్నం ఉంటుంది. పురోహితుడు పెండ్లికొడుకునూ పెండ్లికూతుర్నీ పందిరి బయటికి తీసుకొచ్చి, ఎండకు కళ్లు చికిలించుకుంటూ ఉత్తరం వైపు వేలు చూపి "కనపడిందా?" అంటాడు. వాళ్లు "కనపడింది" అంటారు. చుట్టూ ఉన్న చుట్టాలు పళ్లికిలిస్తారు. ఏ కాలం నుంచి జరుగుతున్న అబద్ధమో అది. రెడ్డి మాత్రం దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. తన పెండ్లిలో తానూ అట్లే అన్నాడట. మూడో ఏడు భార్య పురిట్లో పోయింది. "చూడనిదాన్ని చూసినా అని చెప్పి తాళి కట్టినా ఆచారీ. నా మండపంలో ఎవురూ ఆ మాట అబద్ధంగా చెప్పకూడదు. పగలైనా, మబ్బైనా, తలెత్తితే అరుంధతి కనపడాల" అన్నాడు. నాకు ఆయనంటే ఆ పొద్దే గౌరవం పుట్టింది.

ఆయనతో పాటు నంద్యాల నుంచి పండితుడొకాయన వచ్చాడు. మా చుట్టుపక్కల ఏ గుడిపని మొదలైనా "ఫలానా శిల్పికి ఇవ్వండి" అని ఆయన నోట రావాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఆయనను చూసే పుట్టి ఉంటుంది. ఆయన ఒక కాగితం మీద ఏడు పేర్లు వరసగా రాసిచ్చాడు: క్రతువు, పులహుడు, పులస్త్యుడు, అత్రి, అంగిరసుడు, వసిష్ఠుడు, మరీచి. వసిష్ఠుడి దగ్గర అరుంధతి. ఎవరి గోత్రం ఏదో, ఎవరి భార్య పేరేదో గడగడా చెప్పాడు. ఏ చుక్క ఎంత దూరంలో ఉంటుంది, ఏది ఎంత వెలుగుతుంది అని నాయన అడిగితే మాత్రం "అదంతా పైకి చూస్తే తెలుస్తుంది కదా ఆచారీ" అన్నాడు. నాయన తలూపాడు. పైకి చూస్తే తెలిసేది మా ఇంట్లో ఒక్కరికే.

ఆ రాత్రి కూడు తిన్నాక ఇద్దరం మిద్దె ఎక్కాము. చైత్రమాసం. రైతులు మంచంకోళ్లని పిలిచే ఆ చుక్కల గుంపు ఉత్తరాన నడిమెత్తుకు వచ్చి ఉంది. నాలుగు చుక్కలు మంచానికి నాలుగు కోళ్లు, మూడు చుక్కలు పక్కకు వంగిన తోక.

"చెప్పు పాపా. మొదుట్నుంచి చెప్పు" అన్నాడు నాయన, పొగ తప్ప ఏమీ లేని ఆకాశం వైపు మొహమెత్తి.

"ఏడు నాయనా. వసిష్ఠుడి నెత్తిన చిన్నది ఒకటి. ఎనిమిది."

"ఏడూ ఒకే మాదిరి వెలుగుతాండాయా?"

అంతకుముందు నేనెప్పుడూ అట్లా చూడలేదు. చూస్తే లేదు. నాలుగో చుక్క, మంచానికీ తోకకూ అతుకు పడేచోట ఉన్న అత్రి, మిగిలిన వాళ్లకంటే బాగా మసక. ఆ మాట చెప్తే నాయన మొహం వెలిగింది. "చూసినావా, ఏడు ఏడని అందరూ అంటారు గానీ ఏడూ ఒకటి కాదు. అత్రికి చిన్న పద్మం చెక్కుదాం. చూసినోళ్లకు తెలుస్తాది, ఈ పని చేసినోడు చుక్కల్ని చూసినాడని" అన్నాడు.

చూసింది ఎవరో నేను అడగలేదు. ఆయనే అన్నాడు. "ఇన్నేండ్లు నీ మాట నా నోటి నుంచి చెప్తాండా. నాకు తెలీదనుకోవద్దు. ఈ పని సక్రమంగా కానీ. మండపంలో నలుగురూ కూడిన పొద్దు, అందరి ముందర చెప్తా. ఈ లెక్క నా కూతురిదని. మాటిస్తాండా."

అంతే. నాకు చీర వద్దు, సొమ్ములు వద్దు. ఆ ఒక్క మాట నలుగురి ముందర ఆయన నోటి నుంచి రావాలి. ఆ మాట కోసం నేను మండుటెండలో రాయి మోయమన్నా మోసేదాన్ని.

పాత మంచానికి నులక విప్పేసి, ఆ చట్రానికి నూలుదారాలు అడ్డంగా నిలువుగా కట్టి గళ్లు చేశాడు నాయన. దాన్ని ఉత్తరపు పిట్టగోడకు వాలుగా ఆనించాడు. నేను రోజూ ఒకే చోట, ఒకే ఇటుక మీద తల పెట్టి పడుకుని ఆ గళ్లలోంచి చుక్కల్ని చూడాలి. ఏ చుక్క ఏ గడిలో ఉందో చెబితే ఆయన పలక మీద తడుముకుంటూ గుర్తు పెట్టేవాడు. ఆకాశం ఆగదు, జరిగిపోతుంటుంది, అందుకని గబగబా చెప్పాలి. మంచంలోంచి మంచాన్ని చూడటం నాకు నవ్వుగా ఉండేది. పొద్దున మళ్లీ ఆ పలక చూసి, వంకర పోయినవి సరిచేసి, శుభ్రంగా పటం గీసేదాన్ని.

మంచం నడుమ ఖాళీగా కనపడే చోట కూడా చిన్న చిన్న చుక్కలుండేవి. ఒక రాత్రి తొమ్మిది లెక్కపెట్టాను, మరో రాత్రి ఐదే తేలాయి. నాయన ఒప్పుకోలేదు. "ఒక దినం తొమ్మిది, ఒక దినం ఐదు అంటే రాయి ఇనదు. ప్రతి దినం కనపడేటివే చెప్పు. ఒక్క దినం కనపడకున్నా దాన్ని వదిలెయ్." అట్లా పద్దెనిమిది రాత్రులు చూశాను. కళ్లు నీళ్లు కారేవి, మెడ పట్టేసేది. ఆ పద్దెనిమిది రాత్రులూ తప్పకుండా కనపడినవి మంచంలో మూడు మిగిలాయి. నా బతుకులో అంత సంతోషంగా నేనెప్పుడూ లేను. ఇది కూడా ఇప్పుడే చెప్పేయాలి, లేకపోతే తర్వాతిది మీకు సరిగ్గా అర్థం కాదు.

వైశాఖంలో రాయి వచ్చింది. పదిమంది కలిసి దాన్ని మా ముంగిట్లో వెల్లకిలా పరిచారు. ఉత్తరపు అంచు ఉత్తరానికి పెట్టి, దారాలతో గళ్లు కట్టి, ఎర్రటి జేగురు నీళ్లతో నేను గుర్తులు పెట్టాను. జనం లేని మధ్యాహ్నం పూట పెట్టాను. మరుసటి రోజు పండితుడు చూడటానికి వచ్చాడు.

రాయి చుట్టూ ఒకసారి తిరిగాడు. మంచంలోని మూడు చిన్న గుర్తులు చూసి "ఇవేమిటి, శాస్త్రంలో లేవే" అన్నాడు. నాయన తడిబట్టతో వాటిని తుడిచేశాడు. అత్రి గుర్తు చిన్నదిగా ఉందని చూసి "ఋషుల్లో చిన్నా పెద్దా ఏమిటయ్యా, అందరికీ ఒకే కొలత పెట్టు" అన్నాడు. నాయన సరేనన్నాడు. పద్దెనిమిది రాత్రులు నీళ్లు కారిన నా కళ్లు అదంతా చూస్తూ ఉన్నాయి. అయినా ఓర్చుకున్నాను. అప్పుడు ఆయన చేతికర్రతో మరీచి గుర్తు మీద పొడిచాడు.

"మరీచి అందరికంటే చివర ఉదయిస్తాడు. కాబట్టి ఆయన తూర్పున ఉండాలి. మీరు పడమర పెట్టారే. మొత్తం తారుమారు చేశారు."

తారుమారు కాదు. రాయి ముంగిట్లో వెల్లకిలా ఉంది. రేపు మండపం కప్పుకు బోర్లా ఎక్కుతుంది. కింద పడుకుని పైకి చూసి గీసిన పటం అది. నేల మీద పరిస్తే తూర్పు పడమరలు తారుమారుగానే కనపడతాయి, కప్పుకు ఎక్కితే ఆకాశంతో కలుస్తాయి. చెంబు పట్టుకుని నాయన పక్కన నిలబడ్డదాన్ని, నోరాగలేదు.

"సామీ, కుడిచెయ్యి వెల్లకిలా తొడమీద పెట్టుకోండి. బొటనవేలు కుడిపక్కుంటాది గదా. ఇప్పుడు ఆ చెయ్యే నెత్తిమీదికెత్తి, అరచెయ్యి కిందికి చూసేట్టు బోర్లా పట్టండి. బొటనవేలు ఎడమపక్కకు పోతాది. రాయి కూడా అంతే."

చదివేవాళ్లు ఒకసారి చేసి చూడండి. చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ఆయన చెయ్యెత్తలేదు. చిరునవ్వు నవ్వాడు, అది తిట్టుకంటే ఎక్కువ. "చెయ్యి తిప్పితే దిక్కులు తిరుగుతాయా తల్లీ? తూర్పు ఎప్పుడూ తూర్పే. లోపలికి వెళ్లు." తర్వాత నాయన వైపు తిరిగి "ఆడపిల్లల్ని పని దగ్గరికి రానిస్తావా ఆచారీ?" అన్నాడు.

"నీళ్లు తెచ్చిందిలే సామీ" అన్నాడు నాయన.

"పొద్దుగుంకేదాకా ఉండండి సామీ, మిద్దె మీదికి పోయి ఒకసారి చూద్దురు గానీ" అని కూడా అన్నాడు, అది నిజమే. అంతమాత్రం ప్రయత్నం చేశాడు. నంద్యాలకు ఆఖరి బస్సు పోతుందని పండితుడు లేచాడు. ఏడుగురు ఋషులకూ వాళ్ల పెండ్లాలకూ పేర్లు తెలిసిన మనిషి, వాళ్లలో ఒక్కరినీ తలెత్తి చూడకుండా బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఆయన పోయాక నాయన రాయి అంచున కూర్చుని తన కుడిచెయ్యి తొడమీద వెల్లకిలా పెట్టుకున్నాడు. నెత్తిమీదికెత్తి బోర్లా పట్టాడు. రెండుసార్లు చేశాడు.

"నువ్వు చెప్పిందే సరి పాపా" అన్నాడు.

"అయితే అట్లే చెక్కు."

"ఆయప్ప మాట కాదంటే రేపు ఈ ముంగిట్లోకి ఇంకో రాయి రాదు. మనం తినేది రాయిని బట్టి." తడిబట్ట నా చేతికిచ్చి "తుడిచేసి, ఆయన చెప్పినట్టు పెట్టు" అన్నాడు.

తుడిచి పెట్టింది కూడా నేనే. ఆ సంగతి దాచను. నేను చెయ్యనని మొండికేసి ఉంటే ఏమయ్యేదో తెలియదు. వేరే ఎవరితోనైనా పెట్టించుకుని ఉంటే ఆయన చూపు సంగతి బయటపడేది. ఆ భయంతో పెట్టాను. నాకిచ్చిన మాట నిలబెట్టుకుంటాడేమోనన్న ఆశ కూడా ఉంది, అబద్ధమెందుకు. తప్పు మండలమైనా సరే, నాదని చెబితే చాలనుకునేంత దిగజారాను. ఒక్కో ఋషికీ ఎనిమిది రేకుల పద్మం ఉబ్బెత్తుగా చెక్కాడు నాయన. వానాకాలమంతా పట్టింది. గుంటలైతే పూడ్చి మళ్లీ చెక్కుకోవచ్చు. రాయిలోంచి లేపిన పద్మాన్ని పక్కకు జరపడం బ్రహ్మతరం కాదు.

కార్తీకంలో రాయి కప్పుకు ఎక్కింది. మండపంలో మొదటి పెండ్లి, రెడ్డి అన్నకూతురిది. మమ్మల్ని బండి కట్టి పిలిపించారు. నేను ఉన్నవాటిలో మంచి చీర కట్టుకున్నాను. ఆడవాళ్ల మధ్య నిలబడ్డాను. పురోహితుడు జంటను మండపం నడుమకు తెచ్చి తలెత్తమన్నాడు. వాళ్లిద్దరూ చూశారు. "కనపడింది" అన్నారు. జీవితంలో మొదటిసారి ఆ మాట విని ఎవరూ నవ్వలేదు. రెడ్డి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నాయన గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు చెప్తాడని కొంగు సర్దుకున్నాను.

అంతలో గొర్రెలు కాసే ముసలాయన ఒకడు కప్పు కింద తిరగడం మొదలుపెట్టాడు. ఉత్తరం వైపు నిలబడి చూశాడు, దక్షిణం వైపు నిలబడి చూశాడు, వెనక్కి వంగి చూశాడు.

"ఏం తాతా, మెడ పట్టిందా?" అన్నారెవరో.

"మెడ బాగనే ఉండాదప్పా. మీ మంచమే బాగల్యా. మూడు చుక్కల తోక ఇటు వంగాల, అటు వంగింది. యాపక్క నిలబడి చూసినా కలవల్యా. ఆ చిన్న చుక్క కూడా ఈపక్కది ఆపక్కకు పోయింది." కర్ర నేలకు ఆనించి ఇంకో మాట అన్నాడు. "నలభై ఏండ్లు గొర్లకాడ వెల్లకిలా పండుకొని చూసినోణ్ని. నమ్మకుంటే రేపు తెల్లారుజామున లేసి ఈశాన్యంలో చూసుకోండి."

మండపంలో గుసగుసలు లేచాయి. రెడ్డి మొహం పాలిపోయింది. లేచి వచ్చి నాయన ఎదురుగా నిలబడ్డాడు.

"ఆచారీ. నేను మళ్లా అబద్ధమే చెప్పిస్తాండానా?"

నాయన తల, పెండ్లికి వచ్చి ముందువరసలో కూర్చున్న పండితుడి వైపు తిరిగింది. నాయనకు ఆ చోటు కనపడదు కానీ అంతకుముందు విన్న గొంతును బట్టి తెలుసు. పండితుడు ఉత్తరీయం అంచు చూసుకుంటున్నాడు. ఒక్క మాట చాలు: సామీ, నేను చెప్పినా గదా, మీరే మార్పించినారు అని. ఆ మాట రాలేదు. నాయన చెయ్యి పైకి లేచి ఆడవాళ్ల వైపు తిరిగింది.

"అయ్యా, చుక్కలు చూసి గుర్తులు పెట్టింది నా కూతురు. ఈ లెక్క దానిదే. ఆడపిల్ల, దానికి దిక్కులేం తెలుస్తాయి. నేను నమ్మి చెక్కినా, అదే నా తప్పు."

అనుకున్నట్టే నలుగురి ముందర, గట్టిగా, స్పష్టంగా చెప్పాడు. ఒక్క అక్షరం మింగలేదు.

నా పక్కన నిలబడ్డ పెండ్లికూతురి మేనత్త అరడుగు అవతలికి జరిగింది. పండితుడు అప్పుడు తలెత్తి "ఎక్కడో పొరపాటు పడిందని నాకు అనుమానంగానే ఉండింది" అన్నాడు. ఎవరో మగాయన "ఆకాశాన్ని తీసుకపోయి ఆడదాని చేతికిస్తివా ఆచారీ" అన్నాడు, అందరూ నవ్వారు. ఆ నవ్వుతో బరువంతా దిగిపోయింది. ఆడపిల్ల తప్పు చేసిందంటే ఇంక ఏ మగవాడి తప్పూ లేనట్టే. పాము చావలేదు, కర్ర విరగలేదు. రెడ్డి ఒక్కడే నవ్వలేదు. నా వైపు చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, అపశకునాన్ని చూసినట్టు భయం ఉంది, అది మరీ అన్యాయం. నేను నోరు తెరిచి ఉండాల్సింది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. కన్నతండ్రి కళ్లు పోయాయని, భయపడి తప్పు చెక్కాడని ఆ సభలో ఎట్లా చెప్పను? నోరు మూసుకున్నాను.

రాయిని దించలేదు. ఆ మండపంలో ఆ తర్వాత కూడా పెండ్లిళ్లు జరిగాయి. అవతలి పక్కకు పోయిన అరుంధతిని చూపించి "కనపడిందా?" అంటే అందరూ కనపడిందనే అన్నారట.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో నాయన తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత "నీకేం పోయింది పాపా. నా పేరు పోయింటే మనందరికీ కూడు పోతుండె" అన్నాడు. లెక్క చూసుకుంటే ఆయన మాట తప్పు కాదు. పనులు ఆగలేదు. పండితుడు మునుపటి కంటే ఎక్కువగా మా నాయన పేరు చెప్పాడు, కృతజ్ఞత ఉండదా మరి. నేను మునుపటిలాగే చెంబు మోశాను. ఊళ్లో ఆడవాళ్లు మాత్రం బావి దగ్గర నన్ను చూసి "చుక్కలమ్మ వచ్చింది" అనేవాళ్లు. వచ్చిన ఒకటి రెండు సంబంధాలు అరుంధతిని తిప్పేసిన పిల్ల మాకొద్దని పోయాయి. ఈసారి నాయన పంపాల్సిన పని లేకపోయింది.

రెండేళ్లకు నంద్యాల వర్తకుడొకాయన కొత్తగా కట్టించిన చిన్న గుడికి అమ్మవారి విగ్రహం కావాలన్నాడు. మా నాయన చేసిన వాటిలో అంత అందమైన పని ఇంకొకటి లేదు. చీర కుచ్చిళ్లు గాలికి కదిలేట్టు ఉండేవి. చివరగా కళ్లు. కళ్లు చెక్కేటప్పుడు ఇంట్లో ఎవరూ ఎదురుగా నిలబడరు. పని ముగించి, బొటనవేలితో తడిమి తడిమి, చాలా సేపటికి పిలిచాడు. ఆయన వేళ్లు కూడా అప్పటికి మొద్దుబారాయి. నాకు తెలుసు, ఆయనకు తెలియదు.

"చూడు పాపా. రెండూ సమంగా ఉండాయా?"

చూశాను. ఎడమకన్ను దిగి ఉంది. ఎంతో కాదు. చూడటం తెలిసినవాళ్లకు తప్ప కనపడదు. కానీ ఒకసారి కనపడితే ఇంక ఆ మొహంలో అదొక్కటే కనపడుతుంది.

ఆలోచించి చేశానని అనలేను, ఆలోచించలేదనీ అనలేను.

"సమంగా ఉండాయి నాయనా" అన్నాను.

ఆయన అమ్మవారి పాదాలకు మొక్కి లేచాడు.

విగ్రహం నంద్యాల పోయింది. నాలుగో రోజు అదే ఎద్దులబండి మీద తిరిగి వచ్చింది. మొహానికి పసుపుగుడ్డ కట్టి ఉంది. బండితో వచ్చిన మనిషి "మెల్లకన్ను తల్లిని గుళ్లో పెట్టుకోమని చెప్పినారా శాస్త్రంలో?" అన్నాడు. ఆ మాట శిరివెళ్లకూ పోయింది, మిడుతూరుకూ పోయింది. ఆచారికి కళ్లు లేవని అప్పుడు అందరికీ తెలిసింది. ఆ తర్వాత మా ముంగిట్లోకి రాయి రాలేదు. పండితుడూ రాలేదు. అమ్మ జొన్నకోతలకు కూలికి పోవడం మొదలుపెట్టింది. అమ్మవారు గోడవారన గుడ్డ కట్టుకుని అట్లే నిలబడి ఉండేది.

నాయన పొద్దస్తమానం అరుగు మీద కూర్చునేవాడు. నన్ను ఏమీ అడగలేదు. నెలలు గడిచాయి. అడిగితే ఏం చెప్పాలో నేను దినానికో తీరుగా అనుకునేదాన్ని. మండపంలో నువ్వన్న మాటకు బదులు అని చెప్పాలనుకున్నాను. ఎన్ని మాటలు పోగేసుకున్నానో. ఒకరోజు పొద్దున, అమ్మ పనికి పోయాక, నన్ను పిలిచి పక్కన కూర్చోమన్నాడు.

"ఆ పొద్దు నీకు కనపడిందా పాపా?"

"కనపడింది నాయనా."

తిడతాడని చూశాను. కొడతాడని కూడా చూశాను.

"యా కన్ను?" అన్నాడు.

"ఎడమది. కిందికుంది."

"ఎంత?"

"బియ్యపుగింజంత."

ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకు తెచ్చి, ఆ కొలత గాల్లో పట్టి నా వైపు చూపించాడు. వేళ్ల మధ్య ఎడం ఎక్కువగా ఉంది. నేను ఆయన వేళ్లు పట్టుకుని ఇంకొంచెం దగ్గరకు జరిపాను. ఆయన అట్లే పట్టుకుని కూర్చున్నాడు.

"అంతేనా" అన్నాడు. "అంతైతే కుడిరెప్ప దించి సరిచేసేవాణ్ని గదమ్మా. ఒక పూట పని."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే నేను బతికిపోయేదాన్ని.